అప్‌డేట్: లేక్ టెక్సోమాకి ఏ ఫిషింగ్ బోటు? డీప్-వీ అల్యూమినియం తీసుకున్నాం

టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న లేక్ టెక్సోమాలో స్ట్రైపర్ చేపల కోసం పిల్లలతో వెళ్లడానికి సెకండ్ హ్యాండ్ ఫైబర్‌గ్లాస్ బాస్ బోటు (అంచులు తక్కువ ఎత్తులో, డెక్ వెడల్పుగా ఉండే ఫిషింగ్ బోటు) మంచిదా, డీప్-వీ అల్యూమినియం (అడుగు లోతైన V ఆకారంలో ఉండే బోటు) మంచిదా అని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"కొనేముందు బోట్ల కండిషన్ పరీక్షించే సర్వేయర్‌కి చూపించండి" అన్న సలహానే పనిచేసింది. మాకు నచ్చిన బాస్ బోటు పైకి కొత్తదానిలా మెరుస్తోంది. ఆయన మాయిశ్చర్ మీటర్ పెట్టి చూస్తే ట్రాన్సమ్, అంటే మోటర్ బిగించే వెనక గోడ, లోపలి చెక్క నీళ్లు పీల్చుకుని ఉంది. రిపేరంటే అక్కడ కోసి చెక్క మార్చాల్సిందే. వదిలేశాం.

చివరికి 17 అడుగుల డీప్-వీ కొన్నాం. అంచులు ఎత్తుగా ఉంటాయి కాబట్టి పిల్లలు లేచి నిలబడ్డా టెన్షన్ లేదు (13 ఏళ్లలోపు వాళ్లకి లైఫ్ జాకెట్ ఎలాగూ తప్పనిసరి). గాలికి అలలు లేచినా పెద్దగా తడవం. చిరాకల్లా ఒకటే, ఆ ఎత్తు వల్లే గాలి బోటుని పక్కకి నెట్టేస్తుంది. నిలబడి గాలం విసరడానికి మాత్రం బాస్ బోటు వెడల్పాటి డెక్కే హాయి.

టాప్ స్పీడ్, బ్రాండు గురించి అంత చర్చించుకున్నాం గానీ మాకు అవేవీ అక్కరకు రాలేదు. అన్నట్టు, లేక్ టెక్సోమా లైసెన్స్ ఒక్కటి తీసుకుంటే ఇటు టెక్సస్ వైపూ, అటు ఓక్లహోమా వైపూ చేపలు పట్టొచ్చు.