అప్‌డేట్: ఫాదర్ గారు వెళ్లిపోయాక మా అమ్మ

మూడు నెలల కింద మిమ్మల్ని అడిగాను: హన్మకొండ దగ్గరి మా విచారణలో (మా క్యాథలిక్ చర్చి పరిధిలో) అందరికీ ప్రాణంలా ఉన్న ఫాదర్ గారు గురుజీవితం (ఫాదర్‌గా ఉండడం) వదిలేశారు, అమ్మ చర్చిలో పూజకు రావడం మానేసింది, మా పాపకు ఆయన ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లుతుందా అని. జవాబిచ్చిన అందరికీ దండాలు.

ముందు ఆ టెన్షన్ తీరింది. కొత్త ఫాదర్ గారు ఇంటికొచ్చి, అరుగు మీద అమ్మ పక్కన కూర్చుని చెప్పారు: జ్ఞానస్నానం లాంటి సంస్కారం ఇచ్చేది క్రీస్తు, ఆ రోజు జరిగింది ఎప్పటికీ చెల్లుతుంది. గురుపట్టం (ఫాదర్‌గా అభిషేకం) కూడా చెరిగిపోదు, వదిలేశాక ఆ విధులు మాత్రం చేయకూడదు. బ్రహ్మచర్యం నుంచి మినహాయింపు పోపు గారే ఇవ్వాలి. అయితే చావు అంచున ఉన్నవాళ్ల పాపసంకీర్తనం (పాపాల ఒప్పుకోలు) అలాంటి గురువు కూడా వినవచ్చని చర్చి చట్టం 976వ సూత్రంలో ఉందట. అది విని అమ్మ ఏడ్చింది. నాన్న పోయిన రాత్రి వానలో తడుస్తూ బండి మీద వచ్చి అభ్యంగనం (రోగులకు నూనె పూసి చేసే ప్రార్థన) ఇచ్చింది ఆ వెళ్లిపోయిన ఫాదర్ గారే మరి.

కోపం మాత్రం పోలేదు. నాకూ పోలేదు. ఒక్క మాట చెప్పకుండా వెళ్లారు. కారణం వెతకడం మానేశాను, అది ఆయన సొంత విషయం. వాట్సాప్‌లో తిరిగే పుకార్లు మాత్రం అన్యాయం.

ఫిబ్రవరిలో కాజీపేట ఫాతిమా మాత ఉత్సవాలకు వెళ్లాం. అమ్మ రెండు కొవ్వొత్తులు కొన్నది. ఒకటి నాన్నకు. రెండోది ఎవరికని నేను అడగలేదు. పోయిన ఆదివారం నాకంటే ముందే తయారై, "పూజకు లేటయితుంది, బండి తియ్యి బిడ్డా" అన్నది.