కుడి చెయ్యి పైకి లేవడం లేదు. మెడ సమస్యా, భుజం సమస్యా?

ప్రశ్న: టీచర్, దిల్‌సుఖ్‌నగర్
నమస్కారం అండీ. నాకు 51 ఏళ్లు. ఐదో తరగతికి లెక్కలు చెప్తాను. సంక్రాంతి సెలవుల తర్వాత కుడి భుజం నొప్పి మొదలైంది. ముందు రాత్రిళ్లు ఆ వైపు తిరిగి పడుకుంటేనే నొప్పి ఉండేది, ఇప్పుడు చెయ్యే లేవడం లేదు. బోర్డు పైవరసలో రాయలేను, జడ వేసుకోలేను. సిటీ బస్సులో పైన రాడ్డు ఎడమ చేత్తోనే పట్టుకుంటున్నాను. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. స్టాఫ్‌రూమ్‌లో కొందరు మెడ ఎముకలు అరిగాయంటున్నారు, కొందరు ఎమ్మారై తీయించమంటున్నారు. షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, రామంతాపూర్
మేడమ్, ఎమ్మారై సంగతి తర్వాత. ముందు ఇంట్లో ఒకటి చూడండి. రెండు మోచేతులూ పక్కటెముకలకు ఆనించి, ముంజేతులు ముందుకు చాపండి. మోచేతులు కదలకుండా ముంజేతుల్ని తలుపు రెక్కల్లా బయటికి తెరవండి. ఎడమ చెయ్యి ఎంత తెరుచుకుంది, కుడి ఎంత? తర్వాత చెయ్యి వదులుగా ఉంచి, ఇంట్లో ఎవరినైనా మెల్లగా తెరవమనండి. నొప్పి పెరిగితే ఆపేయాలి.

మీరు కదపలేకపోయినా వాళ్లు కదిపితే పూర్తిగా వస్తుందంటే అనుమానం రొటేటర్ కఫ్ మీద, అంటే భుజం కీలును పట్టి ఉంచే నాలుగు కండరాల మీద. వాళ్లు తెరిచినా అక్కడే ఆగితే, కీలు చుట్టూ ఉన్న పొర బిగుసుకుని ఉండొచ్చు. దాన్నే ఫ్రోజెన్ షోల్డర్ అంటారు. 40-60 ఏళ్ల ఆడవాళ్లలో, షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఎక్కువ. ఎక్స్‌రేలో ఆ పొర కనిపించదు. అయినా ఆ ఎక్స్‌రే వృథా కాదు, కీలు అరగలేదని, ఎముక తప్పలేదని దాంతోనే తెలిసింది.

మెడ నుంచి వచ్చే నొప్పి మెడ తిప్పితే పెరుగుతుంది, చాలాసార్లు మోచేయి దాటి వేళ్లదాకా తిమ్మిరి పాకుతుంది. మీరు తిమ్మిరి మాటే ఎత్తలేదు. చెయ్యి పట్టుకుని కదిపి చూడకుండానే జనం వేలకు వేలు పోసి స్కానింగులకు వెళ్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఒక్క జాగ్రత్త. మెట్లెక్కినప్పుడు భుజం నొప్పితోపాటు చెమటలు, ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే ఇవేమీ చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. అది గుండె కావచ్చు.

జవాబు: వాటర్ క్యాన్ల సప్లై, ఉప్పల్
అక్కా, 20 లీటర్ల క్యాన్ భుజాన వేసుకుని మెట్లెక్కడం నా పని. నాకు చెయ్యి పక్కకు లేపుతుంటే సగంలో కలుక్కుమనేది, ఇంకా పైకి పోయాక నొప్పి ఉండేది కాదు. కఫ్ దెబ్బతిందన్నారు, రబ్బర్ బ్యాండ్ ఎక్సర్‌సైజులతో తగ్గింది. మీది బిగుసుకుపోతే మాత్రం నూనె రాసి గట్టిగా లాగించండి, వదులవుతుంది.

జవాబు: ఫిజియోథెరపిస్ట్, రామంతాపూర్
అన్నా, ఆ సగంలో కలుక్కుమనడం కఫ్ నొప్పికి మంచి గుర్తు, చెప్పి మేలు చేశారు. కానీ లాగించడం మాత్రం వద్దు. బలవంతం చేస్తే నొప్పి ఇంకా రేగుతుంది, ఎముకలు పలచబడినవాళ్లకు విరిగే ప్రమాదమూ ఉంది.

ప్రశ్న అడిగినవారు
చూశానండీ. ఎడమ చెయ్యి బాగా తెరుచుకుంది. కుడిది కొంచెం కదిలి ఆగిపోయింది. మా అమ్మాయి తెరిచినా అక్కడే, గోడ తగిలినట్టు. మెడ తిప్పితే ఏమీ లేదు, ఆయాసమూ లేదు. ఎన్నాళ్లు పడుతుంది?

జవాబు: ఫిజియోథెరపిస్ట్, రామంతాపూర్
ఇదే మాట ఆర్థోపెడిక్ డాక్టరుకు చెప్పండి, ఆయన కూడా కదిపి చూసి నిర్ధారిస్తారు. ప్రైవేటు ఖర్చు భారమైతే గాంధీలోనో ఉస్మానియాలోనో ఓపీకి పొద్దున్నే వెళ్లండి. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే రక్తపరీక్ష), థైరాయిడ్ రిపోర్టులు వెంట ఉంచుకోండి. ఏడాది నుంచి మూడేళ్లదాకా పట్టొచ్చు, కానీ ఎక్కువమందికి కదలిక చాలావరకు తిరిగి వస్తుంది. కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే కొన్నాళ్లు షుగర్ పెరుగుతుంది, మీ షుగర్ డాక్టరుకు ముందే చెప్పండి.

ఈలోగా ఎడమ చేత్తో టేబుల్ పట్టుకుని ముందుకు వంగి, కుడి చెయ్యి వేలాడదీసి చిన్న చిన్న సున్నాలు చుట్టండి, నొప్పి భరించగలిగినంత వరకే. బోర్డు మీద కింది సగంలోనే రాయండి. రాత్రి ఎడమ వైపు తిరిగి, కుడి చేతి కింద దిండు పెట్టుకుని పడుకోండి.