నలుగురం కలిసి పాట కట్టేటప్పుడు, స్టూడియోకు వెళ్లే ముందు ఏవి తేల్చుకోవాలి?

ప్రశ్న (గాత్ర విద్యార్థిని):
మేము సంగీత కళాశాలలో చదువుతున్న నలుగురం. ఒకరు సాహిత్యం రాస్తారు, ఒకరు బాణీ కడతారు, నేను కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను, నాలుగో మిత్రుడు కీబోర్డు వాయిస్తూ కంప్యూటర్‌లో ప్రోగ్రామింగ్ చూస్తాడు. సొంతంగా ఒక పాట చేసి రికార్డు చేయాలన్నది మా సంకల్పం. పల్లవి ముందే రాసుకున్నాము గానీ బాణీ దానికి ఒదగడం లేదు. మాట మార్చడానికి రాసినవారు, బాణీ మార్చడానికి కట్టినవారు ఒప్పుకోవడం లేదు. పైగా సెలవుల్లో ఎవరి ఊళ్లో వారుండి ఫైళ్లు పంపుకుంటే, నా గొంతు వాద్యాలతో కలవక శ్రుతి దిగిపోయినట్టు వినిపిస్తోంది. స్టూడియోకు గంటల లెక్కన అద్దె కట్టాలి గనుక, ముందుగా ఏవి స్థిరపరచుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (గీతరచయిత):
మాట ముందా, బాణీ ముందా అన్నదానికి నియమం లేదు. మన సినిమా పాటల్లో ఎక్కువగా బాణీయే ముందు పుడుతుంది. దాన్ని తత్తకారంతో, అంటే మాటలు లేకుండా ‘త’ లాంటి ఉత్త అక్షరాలతో, పాడి ఇస్తే కవి ఆ కొలతకు మాటలు కూరుస్తాడు. మీరు పల్లవి వరకైనా నలుగురూ ఒకే గదిలో కూర్చుని, మాటలు పక్కన పెట్టి, బాణీని తత్తకారంతో పాడుకుంటూ ఎక్కడ గురువు పడుతోందో, ఎక్కడ లఘువు పడుతోందో గుర్తించండి. తెలుగులో హ్రస్వదీర్ఘాల తేడాతోనే అర్థం మారిపోతుంది గనుక, సాగే స్వరం మీద హ్రస్వాక్షరం పడితే ‘మది’ కాస్తా ‘మాది’గా, ‘కల’ ‘కాల’గా వినిపిస్తుంది. అలాంటి చోట మాట మార్చాలా, స్వరాన్ని విరవాలా అన్నది పాడి చూసి మీరే తేల్చాలని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే ఆ ఇబ్బంది కాగితం మీద కనబడదు, గొంతులోనే తెలుస్తుంది. పల్లవి కుదిరాక చరణాలు ఎవరింట్లో వారు రాసుకున్నా ఫరవాలేదు.

జవాబు 2 (రికార్డింగ్ ఇంజినీరు):
శ్రుతి దిగడానికి కారణం చాలావరకు శాంపిల్ రేటు (ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలిచి నమోదు చేస్తారన్న లెక్క) తేడాయే అయి ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డైన ఫైలును మార్పిడి చేయకుండా 44.1 ప్రాజెక్టులో నడిపితే వేగం సుమారు 8 శాతం తగ్గి, శ్రుతి దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పడిపోతుంది. నలుగురూ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లకే కట్టుబడండి. టెంపో, శ్రుతి ఫైలు పేరులోనే రాయండి. గొంతు మధ్యలో ఎక్కడో మొదలైనా ఫైలును మాత్రం పాట మొదటి బార్ నుంచే ఎగుమతి చేయండి. అనాగత ఎత్తుగడ (తాళం మొదలయ్యాక పాట ఎత్తుకోవడం) అయితే ముందు రెండు ఆవర్తాలు ఉత్త క్లిక్, అంటే లయ చూపే టిక్కు శబ్దం, ఉంచితే పాడేవారికి తాళం పట్టు దొరుకుతుంది.

మీరు కర్ణాటక గాత్రం అన్నారు కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌ను గట్టిగా బిగిస్తే అది గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపి పాడడాన్ని, తప్పు కింద లెక్కిస్తుంది. తోడి గాంధారం లాంటి ఊగే స్వరాన్ని అది మెట్లుమెట్లుగా నరికేస్తుంటే వినడానికి బాధ కలుగుతుంది. గమకం ఉన్న సంగతులను (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులను) ఆ సాఫ్ట్‌వేర్‌కు వదలకుండా మళ్లీ పాడి మంచి టేక్ తీసుకోవడమే సరైన దారి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. చూస్తే మాలో ఒకరి ప్రాజెక్టు నిజంగానే 44.1లో ఉంది. పాట విడుదల చేస్తే హక్కులు నలుగురికీ సమానంగా ఉంటాయా?

జవాబు 3 (న్యాయవాది, వీణ విద్యార్థి):
వాటంతట అవే సమానం కావు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సాహిత్యం ఒక కృతి, సంగీతం వేరొక కృతి; సంగీత కృతి నిర్వచనంలో మాటలు చేరవు. ధ్వనిముద్రణ మూడోది, దానికి నిర్మాతే, అంటే రికార్డింగ్ చేయించే బాధ్యత తీసుకున్నవారే, కర్త. పాడినవారికి ప్రదర్శకుల హక్కులు విడిగా ఉన్నాయి. 2012 సవరణ తరువాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ హక్కును వారసులకో కాపీరైట్ సొసైటీకో (హక్కుదారుల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థకో) తప్ప ఇతరులకు బదలాయించడం కుదరదు. ప్రోగ్రామింగ్ చేసిన మిత్రుడి వాటా మాత్రం మీరు రాసుకున్న ఒప్పందాన్ని బట్టే తేలే అవకాశం ఎక్కువ. అందువల్ల ఎవరు ఏ పని చేశారో, ఖర్చు ఎవరు పెట్టారో, వచ్చేదాన్ని ఎలా పంచుకుంటారో ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, స్టూడియోకు వెళ్లకముందే నలుగురూ సంతకాలు చేయండి.