అప్‌డేట్: పందెం ఓడింది నేనే

పోయిన నెల అడిగాను కదా, "నన్ను ఏ దెయ్యం సినిమా భయపెట్టలేదు" అని మా పిన్ని కూతురు పందెం కాసింది, దశాబ్దానికి ఒకటి చొప్పున చెప్పండి అని. చూసేశాం.

1960 నాటి 'సైకో'కి మొదట నవ్వింది, బ్లాక్ అండ్ వైట్ కదా అని. షవర్ సీన్‌లో ఆ వయొలిన్లు కీచుమనగానే నవ్వు ఆగింది. 'ఎగ్జార్సిస్ట్' సగంలో నిద్రపోయింది. (దాని ముందు బిర్యానీ తినకూడదు, అది నా తప్పే.)

అసలు దెబ్బ 1992 నాటి వర్మ 'రాత్రి'. అందులో రేవతి ఉన్న థియేటర్ ఉన్నట్టుండి ఖాళీ అయిపోతుంది చూశారా, అక్కడ దెయ్యం కనపడదు. ఖాళీ కుర్చీలే. చూపించనిదాన్ని మన బుర్రే తయారు చేసుకుంటుంది, అందుకే అంత భయం. సరిగ్గా అప్పుడే మా బాల్కనీ తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. మాది విశాఖలో పెదవాల్తేరు, సముద్రపు ఉప్పుగాలికి గడియ ఎప్పుడో తుప్పు పట్టింది. ఆ సంగతి తెలిసి కూడా కెవ్వుమన్నది నేను! మా పిన్ని కూతురు మాత్రం కదల్లేదు, నా మోచెయ్యి పట్టుకుని గోళ్లు దింపింది. గుర్తులు ఇంకా ఉన్నాయి.

'కంజూరింగ్'లో చప్పట్ల సీన్ కూడా బాగానే పనిచేసింది. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంట్లో చప్పట్లు నిషేధం, హారతి ఇచ్చేటప్పుడు కూడా.

'మసూద' మిగిలింది. పగలే చూద్దామంటోంది, కర్టెన్లు తీసి.