టర్న్‌స్టైల్ కొత్త ఆల్బమ్: ఇది ఎదగడమా, వదిలేయడమా?

పాతటేపు:
అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వచ్చిన హార్డ్‌కోర్ (పంక్ రాక్‌లో ఇంకా వేగంగా, గట్టిగా ఉండే రకం) బ్యాండ్ టర్న్‌స్టైల్. వాళ్ళ ఆల్బమ్ ‘నెవర్ ఎనఫ్’ 2025 జూన్‌లో వచ్చిన రోజు నుంచీ వింటున్నాను. ఇవాళ కాకపోతే రేపైనా నచ్చుతుందేమోనని వింటున్నాను. నచ్చట్లేదు.

2018లో వచ్చిన ‘టైమ్ అండ్ స్పేస్’లో 13 పాటలు. అన్నీ కలిపినా అరగంట ఉండదు. రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క), కేక, బ్రేక్‌డౌన్ (వేగం తగ్గి పాట బరువుగా విరుచుకుపడే చోటు), అయిపోయింది, తర్వాతి పాట. ఇప్పుడు 14 పాటలకి ముప్పావు గంట. పెరిగిన సమయమంతా ఎటు పోయిందో చూస్తే, పాటల చివర్లలో సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డ్) తీరిగ్గా పరుచుకుని కూర్చుంది.

‘సన్‌షవర్’ ఒకటి వినండి చాలు. మొదటి సగం అచ్చంగా మన పాత టర్న్‌స్టైల్. డ్రమ్స్ తరుముతుంటాయి, సింగర్ బ్రెండన్ యేట్స్ గొంతు పైకి లేస్తుంది. ఇక బ్రేక్‌డౌన్ పడాలి అనుకునేచోట అన్నీ సద్దుమణిగి ఫ్లూట్ వస్తుంది. ఫ్లూట్! పాట మళ్ళీ లేవదు, అలాగే కరిగిపోతుంది. హార్డ్‌కోర్‌లో పుట్టిన బ్యాండ్ ఇలా చేయడాన్ని ఎదగడం అంటారని ఎవరైనా నాకు నచ్చజెప్పండి, చూద్దాం.

నీలిగిటార్:
అన్నా, ఈ బ్యాండ్ నిన్న మారలేదు. 2015 నాటి ‘నాన్‌స్టాప్ ఫీలింగ్’లోనే ‘బ్లూ బై యూ’ ఉంది. అందులో కేక ఎక్కడుందో చూపించండి. మీరు నెత్తిన పెట్టుకున్న ‘టైమ్ అండ్ స్పేస్’లో ఒక పాటకి డాన్స్ సంగీతం చేసే డీజే డిప్లో చెయ్యి వేశాడు. 2021లో ‘గ్లో ఆన్’ చేసింది మైక్ ఎలిజాండో, ర్యాప్‌లో పేరున్న డాక్టర్ డ్రే దగ్గర పనిచేసిన ప్రొడ్యూసర్. అందులో ఆర్ అండ్ బీ సింగర్ బ్లడ్ ఆరెంజ్ వచ్చి పాడాడు. ఇవన్నీ అయ్యేదాకా తలలూపి, ఇప్పుడు ఫ్లూట్ దగ్గర అలిగితే ఎలా?

ఎవరో బయటివాడు వచ్చి మెత్తబరిచాడు అనడానికీ లేదు. ఈసారి ప్రొడ్యూసర్ యేట్సే. ఆయన అంతకుముందు ట్రాప్డ్ అండర్ ఐస్ అనే ఇంకో హార్డ్‌కోర్ బ్యాండ్‌లో డ్రమ్మర్. ఆ చెవి ఎప్పుడూ డ్రమ్ముల మీదే ఉంటుంది. ‘లుక్ అవుట్ ఫర్ మీ’ వినండి, ఆరు నిమిషాలు దాటే పాట. గిటార్లు తప్పుకున్నాక రెండో సగంలో ఒక బీట్ వస్తుంది, తడబడుతూ మళ్ళీ అందుకునే కిక్‌తో. అది బాల్టిమోర్ క్లబ్. ఈ బ్యాండ్ సొంత ఊళ్ళో పుట్టిన డాన్స్ సంగీతం. మీకు కొత్తగా వినిపించేది వాళ్ళు చిన్నప్పటి నుంచీ చుట్టూ విన్నదే అయ్యుండొచ్చు కదా.

గోడపక్కన:
ఫ్లూట్ బాగుంది. నాకంతే.

రాత్రిబండి:
అసలు వీళ్ళు ప్రయోగాలు చేసే పోస్ట్-హార్డ్‌కోరా, ఉత్త హార్డ్‌కోరా?

నీలిగిటార్:
ఆ గొడవ ఎత్తితే తెల్లారిపోతుంది బ్రో. వద్దు.

పాతటేపు:
నేనడిగింది ఫ్లూట్ గురించి. మీరు చెప్పింది మిగతా అన్నిటి గురించి.

డిప్లో చెయ్యి వేస్తే పాట ఆగలేదు. బ్లడ్ ఆరెంజ్ పాడిన ‘ఏలియన్ లవ్ కాల్’ మొదటి సెకను నుంచీ మెత్తటి పాటే. అది నాకూ ఇష్టం. మెత్తటి పాటలు ఉండకూడదని నేను ఎక్కడన్నాను? నా బాధంతా పరుగెత్తేవాడి కాలు పట్టుకుని ఆపినట్టు, మాంచి ఊపులో ఉన్న పాటని సగంలో ఆపేయడం గురించి. దానికి జవాబు చెప్పండి.

నీలిగిటార్:
జవాబు చెప్తాను. ఆ ఫ్లూట్ ఊదింది షబాకా హచింగ్స్. జాజ్‌లో ఆయన శాక్సఫోన్‌కి ఎంత పేరుందో వెతికితే తెలుస్తుంది. అలాంటి మనిషి 2023 చివర్లో శాక్సఫోన్ పక్కన పెట్టేసి ఫ్లూట్ల వైపు వెళ్ళిపోయాడు. జనం ఏది విని చప్పట్లు కొట్టారో దాన్నే మానేసిన మనిషిని ఏరికోరి పిలిచారంటే, బ్యాండ్ ఏం చెప్తోందో అర్థం కావట్లేదా?

పాతటేపు:
ఊదినవాడు గొప్పవాడైతే పాట గొప్పదైపోదు. నేను ఆయన బయోడేటా అడగలేదు.

డబుల్‌పెడల్:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేసి ఫ్లూట్ పట్టుకుని వేలాడుతున్నారు. 2022లో గిటారిస్ట్ బ్రేడీ ఎబర్ట్ బ్యాండ్ నుంచి బయటికి వచ్చాడు. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆల్బమ్ ఇది. రిఫ్‌లు తగ్గాయి. ఇంకేం కావాలి?

ఇవి ఎలా జరుగుతాయో నాకు బాగా తెలుసు. మా బ్యాండ్‌లో నేను డ్రమ్స్. ఒకరోజు మా సింగర్ రిహార్సల్‌కి ల్యాప్‌టాప్ తెచ్చాడు. ‘ఈ ఒక్క పాటకి డ్రమ్స్ లేకుండా ఊరికే చూద్దాం’ అన్నాడు. చూశాం. తర్వాత ఇంకో పాటకి ల్యాప్‌టాప్‌లోనే డ్రమ్స్ వచ్చాయి. నేను హై-హ్యాట్ సర్దుకుంటూ కూర్చుంటే వాళ్ళు నా వైపు చూడకుండా పాట మొత్తం వాయించేసుకున్నారు. ఆ తర్వాత మా వాట్సాప్ గ్రూప్‌లో మెసేజ్‌లు ఆగిపోయాయి. నన్ను తప్పించి వేరే గ్రూప్ పెట్టుకున్నారని ఎవరో చెప్తే తెలిసింది. సౌండ్ మారిందంటే ఎవడో ఒకడు గుమ్మం బయట నిలబడ్డాడని అర్థం. నా దగ్గర ఎవరూ ‘ఎదగడం’ లాంటి మాటలు మాట్లాడొద్దు.

నీలిగిటార్:
నీకు జరిగింది అన్యాయమే బ్రో, కాదనను. కానీ దానికీ దీనికీ ముడి ఎక్కడ? ‘స్లోడైవ్’ రిఫ్ విన్నావా? ‘బర్డ్స్’ విన్నావా? గిటారిస్ట్‌లుగా పాట్ మెక్‌క్రోరీ ఉన్నాడు, మెగ్ మిల్స్ చేరింది. గిటార్ ఎక్కడికీ పోలేదు. నీ కడుపు మండిపోవాల్సిన డ్రమ్ముల విషయంలో చూస్తే డేనియల్ ఫాంగ్ అక్కడే కూర్చుని చితకబాదుతున్నాడు.

పైగా ఈ తరహా సంగీతం మొదటి నుంచీ నడిచింది ఇలాగే. 1998లో స్వీడన్ బ్యాండ్ రిఫ్యూజ్డ్ హార్డ్‌కోర్ మధ్యలో జాజ్, ఎలక్ట్రానిక్స్ కలిపి ఆల్బమ్ వేస్తే అప్పట్లో పట్టించుకున్నవాళ్ళు తక్కువ, ఆ ఏడే బ్యాండ్ విడిపోయింది. ఇప్పుడు అదే ఆల్బమ్‌కి అందరూ దండాలు పెడుతున్నారు. 2001లో వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ వేసిన ‘ది ఆర్గ్యుమెంట్’లో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటిది) ఉంది. అప్పుడు మీలాంటివాళ్ళు చెల్లో మీద ఇంత గొడవ చేశారా?

పాతటేపు:
ఫుగాజీ చెల్లో వాడితే, ఫోన్లు పైకెత్తి నిలబడేవాళ్ళు ఫుగాజీ షోకి రాలేదు. తేడా అదీ.

‘గ్లో ఆన్’ పాటలకి గ్రామీ నామినేషన్లు వచ్చాక చూడండి, ఎవరెవరో ఊడిపడ్డారు. ముందు వరసలో స్తంభాల్లా నిలబడతారు. వెనక నుంచి భుజం తగిలితే నేరం జరిగినట్టు తిరిగి చూస్తారు. ఒక షోలో ఒకమ్మాయి నాతో ‘కొంచెం చూసుకోండి’ అంది. హార్డ్‌కోర్ షోలో చూసుకోవడం ఏంటండీ? ఏళ్ళ తరబడి చిన్న చిన్న హాళ్ళలో చెమటలు కక్కి ఈ బ్యాండ్‌ని మోసింది మేము. ఇప్పుడు పాటలు మెత్తబరిచింది వాళ్ళ కోసం. మీరు దానికి జాజ్, బాల్టిమోర్ అని పేర్లు పెట్టుకోండి.

గోడపక్కన:
మోయడమేంటి సామీ, టికెట్ కొన్నారు, అంతేగా.

శ్రావణి_బేస్:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఆ అమ్మాయి నేను కాదు. కానీ నేనున్నా అదే మాట అనేదాన్ని.

నేను గ్రామీలు చూసి రాలేదు. ‘నాన్‌స్టాప్ ఫీలింగ్’ కాలం నుంచి వింటున్నాను. నేను వెళ్ళిన మొదటి హార్డ్‌కోర్ షోలో రెండో పాటకే ఎవరిదో మోచెయ్యి తగిలి కళ్ళద్దాలు కిందపడ్డాయి. వంగితే తొక్కేస్తారు కాబట్టి వంగలేదు. పాట అయ్యాక ఫోన్ లైట్ వేసి వెతికితే ఒక కాడ దొరికింది. మిగతా షో అంతా వెనక గోడకి ఆనుకుని మసక మసక లైట్లు చూస్తూ విన్నాను. తర్వాత ఏ షోకి వెళ్ళినా నా చోటు ఆ గోడే.

నేను బేస్ వాయిస్తాను. టర్న్‌స్టైల్ బేసిస్ట్ ఫ్రాంజ్ లయన్స్ చెయ్యి తీగల మీద ఎలా కదులుతుందో దగ్గర నుంచి చూడాలని ఎప్పటి నుంచో ఉంది. నాకు కనిపించేవి మీలాంటివాళ్ళ వీపులు. ‘సన్‌షవర్’లో ఫ్లూట్ వచ్చేచోట మీకు పాట ఆగిపోయినట్టుంది. నాకైతే అలాంటిచోటే ముందుకు నడిచే సందు దొరుకుతుంది. మీరేమో పాటని ఎవరి కోసమో పాడుచేశారంటున్నారు. ఆ ఎవరో ఇక్కడే ఉన్నారు, మీతో మాట్లాడుతున్నారు.

పాతటేపు:
శ్రావణి గారూ, కళ్ళద్దాలు విరిగితే బాధే. కానీ పిట్ (స్టేజ్ ముందు జనం తోసుకుంటూ ఎగిరే చోటు) అంటే కొట్టుకోవడం అనుకుంటే పొరపాటు. పడితే నలుగురు చేతులు వేసి లేపుతారు. బూటు ఊడితే ఎవరో ఒకరు పైకెత్తి పట్టుకుంటారు, దాని మనిషి వచ్చి తీసుకునేదాకా. లోపలికి రాకుండా గోడ దగ్గర నుంచి తీర్పులు చెప్తే ఎలా?

శ్రావణి_బేస్:
గోడ దగ్గరికి నా అంతట నేను వెళ్ళలేదు. తోశారు.

పాతటేపు:
నేను తోయలేదు.

శ్రావణి_బేస్:
తోసినవాళ్ళెవరూ తోశామని అనుకోరు లెండి.

నీలిగిటార్:
ఫుగాజీ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నాను. జనం మీద పడి తన్నేవాళ్ళు కనిపిస్తే వాళ్ళ సింగర్ ఇయన్ మకాయ్ పాట ఆపేసేవాడు. వినకపోతే కవర్లో 5 డాలర్లు పెట్టి, అంటే వాళ్ళ టికెట్ డబ్బులు వాళ్ళకిచ్చి బయటికి పంపేవాడు. ఈ సంగీతాన్ని మొదలుపెట్టినవాళ్ళే ‘చూసుకోండి’ అన్నారు అన్నా.

పాతటేపు:
మకాయ్ తన్నేవాళ్ళని పంపించాడు. పాట మధ్యలో ఫ్లూట్ పెట్టలేదు.

రాత్రిబండి:
మళ్ళీ ఫ్లూటేనా 🙏

నీలిగిటార్:
ఇంత దుఃఖం దేనికసలు? ఈ ఆల్బమ్ రాకముందు, మేలో బాల్టిమోర్ పార్కులో ఉచితంగా షో చేశారు. ఇల్లు లేనివాళ్ళకి వైద్యం చేసే సంస్థ కోసం విరాళాలు కూడా సేకరించారు. వీడియో ఉంది, చూడండి. జనం స్టేజ్ ఎక్కి దూకుతూనే ఉన్నారు. మీ పిట్‌ని ఎవరూ ఎత్తుకుపోలేదు.

పాతటేపు:
చూశాను ఆ వీడియో. ఒకసారి కాదు.

సరే, మొహమాటం లేకుండా చెప్తాను. నేను ఆఫీసులో రోజంతా ‘సరే సర్’ అనే మనిషిని. ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడింది తక్కువ. ఒంట్లో పేరుకున్నదంతా బయటికి వచ్చేది నాకు ఆ గుంపులోనే. అక్కడ నా పేరు ఎవరికీ తెలియదు, నేనేం చేస్తానో ఎవరూ అడగరు. పడితే లేపుతారు, అంతే. వేరేచోట నన్నెవరూ అలా లేపలేదు.

ఇప్పుడు పాట సగంలో ఆగి ఫ్లూట్ మొదలైంది అనుకోండి, నేనేం చేయాలి? పైకెత్తిన చేతులు దించి ఎక్కడ పెట్టుకోవాలి? పక్కవాణ్ణి చూస్తే వాడూ బిక్కమొహం వేసుకుని నన్నే చూస్తుంటాడు. చుట్టూ మిగతావాళ్ళు కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊగుతుంటారు. నాకది రాదు. రాదని వాళ్ళందరికీ కనిపిస్తుంది.

శ్రావణి_బేస్:
రావాల్సిన పనేముంది? ఊరికే నిలబడి వినండి. మేం ఇన్నాళ్ళూ చేసింది అదే.

పాతటేపు:
వినడానికైతే ఇంట్లో హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. నేను షోకి వెళ్ళేది వినడానికి కాదు.

శ్రావణి_బేస్:
నేను వెళ్ళేది అందుకే. హెడ్‌ఫోన్స్ నాకూ ఉన్నాయి, మీకేనా?

‘బర్డ్స్’ మొదలైతే నేను పక్కకి జరుగుతాను. ఇన్నేళ్ళూ ప్రతి పాటకీ జరిగాను, దాని మీద ఎక్కడా ఇంత పొడుగు పోస్ట్ పెట్టలేదు. మీకు ఒక్క పాట సగంలో ఆగాల్సి వస్తే బ్యాండ్ మోసం చేసింది అంటున్నారు.

డబుల్‌పెడల్:
జరగమని చెప్పేవాళ్ళకేం, జరిగినవాడికి తెలుస్తుంది. ఎబర్ట్‌ని అడగండి.

శ్రావణి_బేస్:
జరిగినదాన్ని నేనే బాబూ, చదివావా అసలు?

పాతటేపు:
‘ఒక్క పాట’ అనకండి. నేను ఒళ్ళు మరిచి ఎగరగలిగే పాటలు 14లో నాలుగు కూడా లేవు. మిగతా అన్నిటికీ ఆగేది నేనేగా.

నీలిగిటార్:
ఏ లెక్క అది? ‘సోల్’ వేశారా అందులో?

పాతటేపు:
‘సోల్’ వేశాను. ‘బర్డ్స్’ వేశాను. ‘స్లోడైవ్’ వేశాను, అది నిదానమైనా సరే. ‘డల్’ వేయలేదు.

గోడపక్కన:
‘డల్’ వేయకపోవడమేంటి??