మాంటెస్సోరి తన కొడుకును ఎందుకు పెంచలేదు?

కొత్త టీచర్:
మాంటెస్సోరి ట్రైనింగ్‌లో చేరాను. చిన్నపిల్లల చదువుకు ఆ పద్ధతి తెచ్చిన మరియా మాంటెస్సోరిని క్లాసులో దేవతలా చెప్తారు. ఇటలీలో మొదటి మహిళా డాక్టర్, స్త్రీల హక్కుల కోసం మాట్లాడింది... సరే. నిన్న తెలిసింది, సొంత కొడుకును పల్లెలో వేరేవాళ్లింట్లో పెట్టారట. అప్పట్నుంచీ మనసు మనసులో లేదు. నిజమేనా?

పాత టీచరమ్మ:
నిజమేనమ్మా. మారియో 1898లో పుట్టాడు. తండ్రి ఆవిడతో పనిచేసిన డాక్టర్ మాంటెసానో. ఇద్దరికీ పెళ్లి కాలేదు. పెళ్లి చేసుకుంటే వృత్తి వదులుకోవాలి. పెళ్లికాని తల్లని తెలిస్తే పరువూ పోతుంది, వృత్తీ పోతుంది. ఆయనకు ఈ బాధ లేదు, తర్వాత వేరొకరిని చేసుకున్నాడు. 1896లో బెర్లిన్ మహిళల మహాసభలో ఆడవాళ్లకూ సమాన జీతం కావాలని గట్టిగా అడిగిన మనిషి గతి ఇది!

1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజోలో ఆవిడ మొదటి బాలల గృహం, అంటే చిన్నపిల్లల బడి, తెరిచారు. అమ్మానాన్నలు కూలికి పోతే పిల్లలు గోడలు పాడుచేస్తున్నారని బిల్డింగు వాళ్ల గోల. అందుకే వాళ్లు పెట్టించారు, పిల్లల మీద ప్రేమతో ఏం కాదు.

అక్కడ ఒకరోజు ఆవిడ ముక్కు చీదడం నేర్పింది. రుమాలు తీసి, చప్పుడు రాకుండా, మెల్లగా. పిల్లలు నవ్వుతారనుకుంటే చప్పట్లు కొట్టారట! ముక్కు కారుతోందని తిట్టేవాళ్లే గానీ, ఎలా చీదాలో చూపించినవాళ్లు లేరు మరి. ఇది చదివాకే నా క్లాసులో నా కేకలు తగ్గాయి.

పుస్తకాల పురుగు:
చిన్న సవరణ. మొదటి మహిళా డాక్టర్ కాదు. 1896లో ఆవిడ పట్టా తీసుకునేనాటికే ఇటలీలో కొందరు డాక్టరమ్మలు ఉన్నారు. అయినా సుఖపడిందేం లేదు. మగ విద్యార్థుల మధ్య శవాన్ని కోయకూడదని, వాళ్లు వెళ్లాక ఒక్కతే చేసుకునేది.

కొత్త టీచర్:
మేడమ్, మరి కొడుకు మళ్లీ కలిశాడా?

పాత టీచరమ్మ:
పదిహేనేళ్లప్పుడు వచ్చేశాడు, ఇంక వదల్లేదు. బయటివాళ్లకు మాత్రం చాలాకాలం మేనల్లుడనే చెప్పారు. 1939లో ఇద్దరూ మద్రాసు అడయారు వచ్చారు. ఆవిడ ఇటాలియన్‌లో పాఠం చెప్తుంటే ఆయన ఇంగ్లీషులో చెప్పేవాడు. 1940లో ఇటలీ యుద్ధంలోకి దిగగానే బ్రిటిష్‌వాళ్లు మారియోను నిర్బంధించారు. ఆగస్టు 31న, ఆవిడ 70వ పుట్టినరోజుకి కానుకగా వదిలారు. వైస్రాయ్ పంపిన తంతిలో మేనల్లుడని లేదు, కొడుకనే ఉంది.