టూరిన్ ఊరు ఎవరిది: యువెంటస్‌దా, టొరీనోదా?

మెరూన్‌మామ:
ఇటలీలోని టూరిన్‌లో రెండు ఫుట్‌బాల్ క్లబ్బులు: యువెంటస్, మా టొరీనో. ఆ రెండూ తలపడే డెర్బీ వచ్చిన ప్రతిసారీ ఇక్కడ యువెంటస్ వాళ్ళు 'టూరిన్ మాది' అని ఎగురుతుంటారు. అందుకే అడుగుతున్నా. ఇటలీ అంతా మీ అభిమానులే, కాదనను. మరి ఊళ్ళో? మా ఆవిడ వాళ్ళ తాతయ్య ఫియట్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. 1923 నుంచి యువెంటస్ ఆ ఫియట్ యజమానులు అన్యెల్లి కుటుంబం చేతిలోనే ఉంది. వారమంతా వాళ్ళకి చాకిరీ చేసి, ఆదివారం కూడా వాళ్ళకే జేజేలా అని ఆయన టొరీనో కండువా వేసుకునేవాడట. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మీరు రచ్చే గెలిచారు.

తెలుపునలుపు:
ఇంటి లెక్కా చూద్దాం మామా. 1995 తర్వాత డెర్బీ మళ్ళీ గెలవడానికి మీకు 20 ఏళ్ళు పట్టింది, 2015 ఏప్రిల్లో 2-1. లీగ్ టైటిళ్ళు మావి 36, మీవి 7. అసలు 1906లో మీ క్లబ్బు పుట్టిందే మా దగ్గర అలిగి వెళ్ళినవాళ్ళ చలవ.

సైడ్‌బెంచి:
యువెంటస్ స్టేడియం పక్కూరు వెనరియాలో ఉంది. ఊళ్ళోనే లేదు. చర్చ అయిపోయింది.

తెలుపునలుపు:
వెనరియా కాదు, వల్లెట్టె పేట. టూరిన్ మున్సిపాలిటీ లోపలే.

సైడ్‌బెంచి:
పొలిమేర పొలిమేరే.

మెరూన్‌మామ:
2006లో రిఫరీల బాగోతం బయటపడి రెండు టైటిళ్ళు ఊడి, రెండో డివిజన్‌కి పోయిన ముచ్చట చెప్పవేం?

తెలుపునలుపు:
1927 ముచ్చట నువ్వు చెప్పు. మా డిఫెండర్ అల్లెమాండికి లంచం ఇవ్వజూపారని మీ టైటిల్ లాక్కున్నారుగా.

పో_గట్టు:
పల్లీలు వేయించుకుని కూర్చున్నా. కానివ్వండి.

మెరూన్‌మామ:
టైటిళ్ళు లెక్కపెడితే ఊరు రాదు. 1949 మే 4న లిస్బన్ నుంచి మా టొరీనో జట్టు వస్తున్న విమానం ఊరి అంచున సుపెర్గా కొండమీది చర్చి గోడకి గుద్దుకుంది. 31 మంది పోయారు. లీగ్‌లో ఇంకా నాలుగు మ్యాచ్‌లే మిగిలున్నాయి, వరసగా ఐదో టైటిల్ చేతికందే వేళ. 1947లో హంగరీ మీద ఇటలీకి ఆడిన 11 మందిలో 10 మంది ఆ జట్టువాళ్ళే. ఏటా మే 4న మా కెప్టెన్ ఆ కొండమీద పేర్లన్నీ చదువుతాడు. ఓసారి వచ్చి నిలబడు, ఊరెవరిదో తెలుస్తుంది. మొన్నో డెర్బీలో మీవాడొకడు నా మొహం ముందే చేతులు విమానంలా చాపి ఊగాడు. చచ్చేదాకా మర్చిపోను.

తెలుపునలుపు:
వాణ్ణి నేనూ వెనకేసుకురాను. 1985లో బ్రసెల్స్‌లోని హేసెల్ స్టేడియంలో, మా ఫైనల్ ముందు తొక్కిసలాటలో పోయిన 39 మంది మీద పాటలు కట్టినవాళ్ళు మీ స్టాండ్లోనూ ఉన్నారు.

మెరూన్‌మామ:
నీకు తెలీదులే. ఎక్కణ్ణుంచో వచ్చి, గెలిచే జట్టేదో చూసి కండువా కొనుక్కున్నవాళ్ళకి ఇవేం ఎక్కుతాయి.

తెలుపునలుపు:
అదీ, లోపలి మాట ఇప్పుడొచ్చింది. నేనక్కడ చదువుకునేటప్పుడు బాల్కనీలో ఆరేసిన నా కండువా చూసి ఇంటి ఓనరూ అదే అన్నాడు: 'బయటివాళ్ళంతా ఆ జట్టే.' ఆ ఇల్లు దొరక్కముందు ఎన్ని ఇళ్ళు తిరిగానో. ఫోన్లో సరే అన్నవాళ్ళు మనిషిని చూశాక లేదన్నారు. 1950లు, 60ల్లో ఫియట్ పనికి దక్షిణ ఇటలీ నుంచి రైళ్ళెక్కి వచ్చినవాళ్ళకి ఇదే ఊళ్ళో 'దక్షిణాదివాళ్ళకి అద్దెకివ్వం' అని బోర్డులు పెట్టారు. వాళ్ళలో చాలామంది యువెంటస్ వైపు చేరారంటే వింతేముంది? నువ్వు మాత్రం? తెనాలి నుంచి వెళ్ళి పెళ్ళి చేసుకుని లోకల్ అయిపోయావు.

పో_గట్టు:
అమ్మో. పల్లీలు అయిపోయాయి.

మెరూన్‌మామ:
పెళ్ళి ఎందుకెత్తుతావు? మా మావగారు మొదటి ఏడాది నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్ళనే లేదు. వానలో 0-3తో ఓడిన రోజు ఆఖరి విజిల్ దాకా ఆయన పక్కనే కూర్చున్నాక గానీ కండువా ఇవ్వలేదు. నువ్వు కొనుక్కున్నావు. నేను తడిసి తెచ్చుకున్నా.

తెలుపునలుపు:
తడిసేందుకైనా ముందు అల్లుడివి కావాల్సొచ్చింది కదా మామా.

సైడ్‌బెంచి:
మ్యాపు చూశా. వల్లెట్టె టూరిన్‌లోదే. కానీ పక్కనే వెనరియా.